ఉగాదికి ఊరెళ్తూ దారిలో ఒక గుట్ట ఎక్కాలి: 44వ నంబరు హైవే మీద ఎక్కడ, ఏ వేళకు, ఎన్ని నీళ్లతో?

గద్వాల_గాలి
ఉగాదికి హైదరాబాద్ నుంచి గద్వాల పోతున్నాం. కారులో నలుగురం: నేను, మా ఆయన, పదకొండేళ్ల పాప, మా మామయ్య (62 ఏళ్లు, బీపీ గోలీ వేసుకుంటారు). ఎప్పుడూ జడ్చర్లలో చాయ్, ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి మలుపు, అంతే. ఈసారి దారిలో రెండు గంటలు ఏదైనా గుట్ట ఎక్కి దిగాలని పాప పట్టుబట్టింది. కోయిలకొండ, ఖిల్లా ఘనపురం, పానగల్, ఈ మూడు కోట గుట్టలూ రాసిపెట్టుకున్నాం. ఇంట్లో టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరితే పదకొండున్నరకల్లా గుట్ట కింద ఉంటాం. మూడింట్లో ఏది మేలు? నీళ్లు ఎన్ని పట్టుకోవాలి? షూ కొనాలా, చెప్పులు చాలా?

రాతిగుండు
గుట్ట ఏదన్నది తర్వాత. ముందు ఆ పదకొండున్నర మార్చండి.

మార్చి ఆఖర్లో పాలమూరు ఎండ మధ్యాహ్నానికి 38, 39 దాకా పోతుంది. అది నీడలో గాలికి కొలిచిన లెక్క. మీరు నడిచేది బండ మీద. ఎండ పడ్డ బండ గాలి కంటే పదిహేను ఇరవై డిగ్రీలు ఎక్కువ కాగుతుంది. పైనుంచి ఎండ, కిందనుంచి సెగ, పక్క గుండ్ల నుంచి ఎదురు వేడి. నీడ కోసం చూస్తే మోకాలెత్తు తంగేడు పొదలు తప్ప ఏమీ ఉండవు. ఆ నెలలో సూర్యోదయం ఆరూ పది ప్రాంతంలో అవుతుంది. ఆరున్నరకు మొదటి మెట్టు ఎక్కి, ఎనిమిదిన్నరకు కారు దగ్గర ఉండగలిగితే మీ మూడు గుట్టల్లో ఏదైనా సరే. అలా కుదరకపోతే గుట్ట మాట వదిలేసి బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చుని ఇంటికి పోండి.

స్టీరింగ్_శీను
@రాతిగుండు ఆరున్నర అనడం తేలికే. హైదరాబాద్‌లో నాలుగింటికి బండి తీయాలి, అంటే మూడింటికి లేవాలి. పండగ ముందు రోజు, సామాన్లు సర్దుకుని పడుకునేసరికి పన్నెండు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఎంతటి డ్రైవరుకైనా కునుకు పట్టే వేళ. రోడ్డు పక్కన ఆపిన లారీలు, వెనక లైట్లు లేని ట్రాక్టర్లు ఆ చీకట్లో దగ్గరికొచ్చేదాకా కనపడవు. నా లెక్కలో ఎండ కంటే అదే పెద్ద ప్రమాదం.

పాలమూరు_పోరడు
ఇద్దరు చెప్పేది నిజమే. గందుకే ముందురోజు సాయంత్రమే మహబూబ్‌నగర్ వచ్చి పండుకోండ్రి. బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు మస్తున్నయ్. పొద్దుగాల ఐదున్నరకు లేస్తే చాలు, కోయిలకొండ పాతిక కిలోమీటర్ల లోపే.

తంగేడు
సాయంత్రం ఎక్కితే ఈ గొడవే ఉండదు కదా? మధ్యాహ్నం భోంచేసి రెండింటికి బయల్దేరి, నాలుగున్నరకు ఎక్కడం మొదలుపెట్టి, పైన పొద్దుగూకడం చూసి దిగడం. నిద్ర చెడదు, లాడ్జి ఖర్చు లేదు.

రాతిగుండు
@తంగేడు నవంబరు, డిసెంబరు అయితే మీ మాటే సరైనది. మార్చిలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, బండ పగలంతా తాగిన వేడిని సాయంత్రం కక్కుతుంది. ఆరింటికి గాలి చల్లబడినా, అరచెయ్యి ఆనించి చూడండి, పెనం మీద పెట్టినట్టే ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం: ఉగాది ముందురోజు అమావాస్య. ఆరున్నరకు పొద్దుగూకాక వెన్నెల చుక్క కూడా ఉండదు. ఎక్కేటప్పుడు కనిపించిన దారి దిగేటప్పుడు బ్యాటరీ వెలుతురులో వేరేలా కనిపిస్తుంది, గుండ్ల నీడలన్నీ గుంతల్లా, గుంతలన్నీ నీడల్లా. పాలమూరు గుట్టల్లో చిరుతలు తిరుగుతాయి కూడా, వాటి వేళ అదే.

తంగేడు
అమావాస్య సంగతి తట్టలేదు. ఒప్పుకుంటున్నా. అయినా దీపావళి తర్వాతి రోజుల్లో సాయంత్రమే మేలంటా.

కోట_గోడ
గుట్టల సంగతికి వద్దాం.

కోయిలకొండ: ఏడు దర్వాజాల కోట. కుతుబ్‌షాహీల కాలపు కట్టడాలు కనిపిస్తాయి. మెట్లు చాలావరకు ఉన్నాయి, కానీ ఒక ఎత్తులో ఉండవు. ఒకటి జానెడు, దాని పైది మోకాలెత్తు. పదకొండేళ్ల పిల్లకు ఆటలా ఉంటుంది, 62 ఏళ్ల మనిషికి దిగేటప్పుడు మోకాళ్లకు తెలుస్తుంది. హైవే మీంచి చూస్తే పడమటికి బాగా పక్కకు పోవాలి, మహబూబ్‌నగర్ ఊరు దాటాలి.

ఖిల్లా ఘనపురం: హైవే మీద దక్షిణానికి పోతుంటే భూత్పూర్ దాటాక ఎడమ వైపు లోపలికి. రెండు గుట్టలను కలుపుతూ కట్టిన గోడలు, కింద గణపసముద్రం చెరువు. కాకతీయుల సామంతులైన గోన వంశం వాళ్ల పేరు ఇక్కడ వినిపిస్తుంది. మీ నలుగురికీ నేను దీన్నే చెప్తా. ఎందుకంటే సగం దూరంలోనే చూడదగ్గ గోడలు, చెరువు కనిపిస్తాయి. పై దాకా పోకపోయినా వచ్చిన పని అయినట్టే ఉంటుంది. ఓపిక అయిపోయినవాళ్లు ఆగడానికి మనసొప్పే చోటు ఉండాలి, గుట్ట ఎంచుకునేటప్పుడు నేను చూసే మొదటి విషయం అదే.

పానగల్: వనపర్తి దాటి లోపలికి. బహమనీ సుల్తాను ఫిరోజ్‌షాకూ విజయనగరం రాజు మొదటి దేవరాయలకూ పదిహేనో శతాబ్దం మొదట్లో పెద్ద యుద్ధం నడిచింది ఈ కోట కోసమే. ముండ్లగవిని అనే దర్వాజా, పైన బాలాహిస్సారు, అంటే శిఖరం మీది పైకోట. విస్తీర్ణం ఎక్కువ, పొదలు ఎక్కువ, దారి తప్పే అవకాశం ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లు ఊళ్లో ఎవరినైనా తోడు తీసుకోకుండా వెళ్లకండి. రెండు గంటల్లో తేలే కోట కాదిది.

పాలమూరు_పోరడు
మన్యంకొండ వెంకన్న గుట్ట మర్చిపోయిన్రు. మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర రోడ్డుకే, కారు పై దాకా పోతది. మామను కారుల కూసొబెట్టి పైకి తోలుకపోయి, మిగిలినోళ్లు మెట్ల మీదికెల్లి ఎక్కితె అందరు గుడి కాడ కలుస్తరు. ఉలి ముట్టని దేవుడు, తవ్వని కోనేరు అంటరు గద, గది గూడ చూసినట్లయితది.

గద్వాల_గాలి
మామయ్య నవ్వుతున్నారు, "నన్ను కారులో కూర్చోబెడతారా" అని. రోజూ గంట నడుస్తారు ఆయన. ఖిల్లా ఘనపురం వైపు మొగ్గుతున్నాం. నీళ్ల సంగతి ఎవరైనా కచ్చితంగా చెప్పండి.

నర్సక్క_దేవరకద్ర
మనిషికి గంటకు అర లీటరు, ఎండ ఎక్కాక ముప్పావు లీటరు. నలుగురు, రెండు గంటలు: ఐదు లీటర్లు మీతో పైకి. ఇంకో ఐదు లీటర్లు కారులో ఉంచాలి, తాగడానికి సగం, మీద పోసుకోవడానికి సగం. ఒక్క పెద్ద క్యాను కాకుండా ఎవరి సీసా వాళ్ల దగ్గర ఉండాలి. క్యాను మోసే మనిషి ముందు నడిస్తే వెనకవాళ్లకు నీళ్లు లేనట్టే.

బయల్దేరే ముందు కారు దగ్గరే ఒక్కో పెద్ద గ్లాసు తాగండి. తెల్లవారి ప్రయాణమని దారిలో బాత్రూం భయంతో నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లు చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు. గుట్ట దగ్గరికి వచ్చేసరికే ఒంట్లో నీళ్లు తక్కువుంటాయి. జడ్చర్లలో ఆగినప్పుడు ఆ పని చూసుకుని, తాగాల్సినవి తాగండి.

మామయ్యగారి బీపీ గోలీ ఏ రకమో డాక్టరును అడగండి. కొన్నిట్లో మూత్రం ఎక్కువ పోయే మందు కలిసి ఉంటుంది. చెమటతో పాటు అదీ తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఆ రోజు గోలీ మానమని నేను చెప్పను, ఎవరు చెప్పినా వినకండి. డాక్టరే చెప్పాలి.

నల్లరేగడి
ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు పడేసుకుంటే సరిపోదా? దారంతా అవే తాగొచ్చు.

నర్సక్క_దేవరకద్ర
@నల్లరేగడి అక్కర్లేదు. రెండు గంటల నడకకు మామూలు నీళ్లు, పక్కన ఉప్పు తగిలే తిండి చాలు. సర్వపిండి ముక్క, ఉప్పు పల్లీలు, ఉప్పేసిన సల్ల. ఓఆర్‌ఎస్ బాగా చెమటలు పట్టి నీరసపడినప్పటికి దాచుకోండి. బీపీ ఉన్నవాళ్లు ఊరికే ఉప్పు నీళ్లు తాగుతూ పోవడం మంచిది కాదు.

కలిపేటప్పుడు ప్యాకెట్ మీద ఎంత నీళ్లు రాస్తే అంత. పెద్ద ప్యాకెట్ లీటరుకు. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి చిక్కగా తాగితే దాహం తీరదు సరికదా కడుపు పాడవుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచాతో, గీటు పెట్టి కొలవాలి, కుప్ప పోయకూడదు. డబ్బా మీద ఓఆర్‌ఎస్ లాంటి పేరుండే తియ్యటి డ్రింకులు వేరు, అవి ఇది కావు.

బుట్ట_సీతాఫలం
జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మా దిక్కు అందరూ పెట్టుకుంటారు.

నర్సక్క_దేవరకద్ర
పెట్టుకోండి, నష్టం లేదు. దాన్ని నమ్ముకుని నీళ్లు తగ్గించకండి, అదే నా బాధ. వడదెబ్బ ఆనవాళ్లు వరసగా చెప్తా, అందరూ చదవండి. మొదట తలనొప్పి, వికారం, పిక్కలు పట్టడం, చెమటలు కారిపోవడం. అప్పుడే నీడకు చేర్చి, కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టి పడుకోబెట్టి, కొద్దికొద్దిగా నీళ్లు పట్టిస్తే అరగంటలో తేరుకుంటారు. అక్కడితో నడక ఆపాలి, తేరుకున్నారు కదా అని మళ్లీ ఎక్కకూడదు. మాట తడబడుతున్నా, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడుతున్నా అది వేరే స్థాయి. ఒంట్లో వేడి 40 దాటినట్టే అనుకోండి. 108కి ఫోన్ చేస్తూనే ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిబట్ట పెట్టాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

స్టీరింగ్_శీను
అట్లాంటివాళ్లను ఏసీ కారులో పెట్టకూడదంటారు, వేడి చలవ కలిస్తే ప్రమాదమని?

నర్సక్క_దేవరకద్ర
పెట్టాలి. ఎంత త్వరగా చల్లబడితే అంత మేలు. తడిబట్టతో ఏసీ గాలి తగిలితే ఇంకా మంచిది.

మెకానిక్_జడ్చర్ల
ఏసీ మాట వచ్చింది కాబట్టి బండి సంగతి. ఎండలో నిలబెట్టిన బండి తెరవగానే ఏసీ పెట్టి అద్దాలు మూయకండి. నాలుగు తలుపులు తీసి రెండు నిమిషాలు వదలండి. తర్వాత బయటి గాలి తీసుకునే బటన్‌లో పెట్టి అద్దాలు కొంచెం దించి కిలోమీటరు నడిపి, అప్పుడు లోపలి గాలికి మార్చండి. లోపల చిక్కిన వేడి ముందు బయటికి పోవాలి.

ఇంకా ముఖ్యం, గుట్ట కింద ఎండు గడ్డి మీద బండి ఆపకండి. హైవే మీద వంద కిలోమీటర్లు వచ్చిన బండికి కింద సైలెన్సర్ గొట్టం బాగా కాగి ఉంటది. మార్చిలో గడ్డి పూర్తిగా ఎండి మోకాలి దాకా లేచి ఉంటది, అది గొట్టానికి తగిలితే అంటుకుంటది. మట్టి నేల చూసి ఆపండి, ముందుభాగం రోడ్డు వైపు తిప్పి. పవర్‌ బ్యాంకు, సెంటు డబ్బా, లైటరు డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు.

టైర్లలో గాలి పొద్దున బండి కదలకముందు చూసుకోండి. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద నిండు బరువుకు వేరే లెక్క ఉంటది, నలుగురు, పండగ సామాను అంటే అదే లెక్క. వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తది. అది చూసి తీసేయకండి, చల్లారాక తక్కువైపోతది.

నీలగిరి_65
సామాను విషయంలో ఒక మాట. ల్యాప్‌టాప్, నగల సంచి డిక్కీలో పెట్టేది గుట్ట కింద కాదు, ఇంటి దగ్గర. అక్కడ డిక్కీ తెరిచి సర్దితే చూసేవాళ్లకు ఎక్కడుందో చెప్పినట్టే.

గద్వాల_గాలి
చెప్పుల గురించి ఎవరూ చెప్పలేదు.

రాతిగుండు
హవాయి చెప్పులు వద్దు. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్ల మధ్య పట్టీ తెగుతుంది. రబ్బరు అడుగున్న మామూలు స్పోర్ట్స్ షూ చాలు, కొత్తవి కొననక్కర్లేదు. పండక్కి కొన్న కొత్త షూతో గుట్ట ఎక్కితే మడమల దగ్గర బొబ్బలు ఖాయం. పాతవే వేసుకోండి, కానీ తిప్పి అడుగు చూడండి. గీతలు అరిగి నున్నగా ఉంటే వద్దు. గోళ్లు కత్తిరించుకోండి, దిగేటప్పుడు బొటనవేలి గోరు షూకి తగిలి నల్లబడుతుంది. పాదాన్ని దాటి పిక్క సగం దాకా వచ్చే మేజోళ్లు వేసుకుంటే పల్లేరుకాయలు, గడ్డిముళ్లు చర్మానికి అంటవు.

బండ మీద అడుగు వేసే పద్ధతి పాపకు ముందే నేర్పండి. నిలువు బండ మీద నల్లగా చారలు ఉంటాయి, వాన నీళ్లు కారే దారులవి. పొడిగా ఉన్నప్పుడు పట్టు బాగానే ఉంటుంది. మంచు పడ్డా, ఎవరైనా నీళ్లు ఒలకపోసినా, ఆ ఎండిన పాచి సబ్బులా మారుతుంది. తెల్లగా, గరుకుగా ఉన్న చోట కాలు పెట్టాలి. ఇంకోటి పెచ్చులు. గ్రానైటు బండ పైపొర అంగుళం, రెండంగుళాల మందాన లేచి ఉంటుంది, పైకి చూస్తే అతుక్కున్నట్టే ఉంటుంది. మడమతో కొట్టి చూడండి. గట్టి బండ చప్పుడు చేయదు, పెచ్చు లేచింది బోలుగా డబడబ మోగుతుంది. మోగిన చోట బరువు వేయకండి, చేత్తో పట్టుకుని లాగకండి. దాని కింద తేళ్లు ఉండేది కూడా అక్కడే.

కోట_గోడ
@రాతిగుండు చెప్పినదానికి చేర్పు: కోట గోడల రాళ్లను కూడా నమ్మొద్దు. సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చిన గోడలు చాలా ఉంటాయి. మధ్యలో రాయి చెట్టు వేరుకు కదిలి ఉంటుంది. ఫొటో కోసం గోడ ఎక్కి కూర్చోవద్దు.

గుంతలు కూడా. గుప్తనిధుల ఆశతో తవ్విన గుంతలు మన కోటలన్నిట్లో ఉన్నాయి, గుడి ముందర, బురుజు పక్కన. గడ్డి కమ్మేసి పైకి తెలియదు. కాలిబాట వదిలి గడ్డిలోకి అడుగుపెట్టాలంటే కర్రతో ముందు నేల పొడవండి. అదే కర్ర చప్పుడుకు పాము కూడా పక్కకు పోతుంది.

బుట్ట_సీతాఫలం
పాముల గురించి భయమే నాకు. మార్చిలో ఉంటాయా?

నర్సక్క_దేవరకద్ర
ఉంటాయి. చలి తగ్గగానే బయటికి వస్తాయి. పొద్దున పూట ఎండ తగిలే బండ మీద వెచ్చదనానికి పడుకుంటాయి. రక్తపింజర మనుషులు వస్తున్నా కదలదు, అందుకే తొక్కేస్తారు. చేయి పెట్టే ముందు చూడాలి, కూర్చునే ముందు చూడాలి, అంతే జాగ్రత్త.

కరిస్తే: కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వస్తే తీయలేరు. కరిచిన కాలును కర్ర కట్టి కదలకుండా చేసి, మనిషిని నడిపించకుండా మోసుకుని దింపండి. దగ్గర్లోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి, మీరున్న చోటు నుంచి వనపర్తి లేదా మహబూబ్‌నగర్. పామును పట్టుకురానక్కర్లేదు.

తంగేడు
పాముల కంటే నాకు తేనెటీగల భయమే ఎక్కువ. కోట బురుజుల కింద, నిలువు బండల అంచుల కింద పెద్ద తేనెపట్టు నల్లగా మూరెడు వెడల్పున వేలాడుతుంది. పెద్ద జాతి ఈగలవి. పొగ, సెంటు, గట్టి శబ్దం, రాయి విసరడం, ఈ నాలుగూ వాటికి పడవు. బ్లూటూత్ స్పీకరు కారులోనే వదిలేయండి. అక్కడ కట్టెలు ముట్టించి వంట చేసేవాళ్లుంటే ఆ వైపే వెళ్లకండి.

పాలమూరు_పోరడు
లేస్తే?

తంగేడు
పరుగే. నిలబడి చేతులు ఊపితే ఇంకా వస్తాయి. తువ్వాల తల మీద, మొహం మీద కప్పుకుని, కాళ్ల ముందు చోటు కనిపించేలా, వచ్చిన దారినే దిగిపోవడం. కోనేట్లో దూకొద్దు, పైనే తిరుగుతూ ఉంటాయి, తల ఎత్తగానే కుడతాయి. కారులోకి చేరి అద్దాలు మూసేయండి, లోపలికి వచ్చిన రెండుమూడింటి కంటే బయటి గుంపు ప్రమాదం. ముల్లును గోటితో గీరి వెంటనే తీసేయాలి. గొంతు బిగిసినట్టున్నా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, చాలా చోట్ల కుట్టినా ఆసుపత్రికే.

నల్లరేగడి
కింద పొలాల గురించి కూడా రాయాలి. గుట్ట అంచు చేనుల్లో అడవిపందుల కోసం రాత్రిళ్లు కరెంటు తీగ లాగేవాళ్లు ఇంకా ఉన్నారు. చట్టప్రకారం తప్పే, మనుషులు పోతున్నారు కూడా. సన్నటి బైండింగు వైరు, మోకాలి కింద ఎత్తున, చిన్న కర్రలకు చుట్టి ఉంటుంది. చీకట్లో కనపడదు. తెల్లారకముందు అడ్డదారిన చేను దాటకండి. బండ్ల బాట మీదే నడవండి, లేదా వెలుతురు వచ్చి రైతు కనిపించేదాకా ఆగండి. అడిగితే వాళ్లే దగ్గరుండి దారి చూపిస్తారు.

క్వారీ ఉన్న గుట్టల జోలికి అసలు పోవద్దు. ఎర్ర జెండా అంటే బండ పేలుస్తున్నారన్నట్టు, కనిపిస్తే అటునుంచి అటే తిరిగిపోండి.

గద్వాల_గాలి
ఇవన్నీ చదివి మా ఆయన "ఇక ఇంట్లోనే ఉందాం" అంటున్నారు. పాప మాత్రం కర్ర వెతుక్కుంటోంది.

రాతిగుండు
భయపడాల్సిందేమీ లేదు, వేళ ఒక్కటి పట్టుకుంటే ఇందులో సగం ఇబ్బందులు రావు. ఒక లెక్క చెప్తా. పొద్దున ఎక్కేవాళ్లకు దిగే దారే ఎక్కువ వేడి. అందుకే "సగం నీళ్లు అయ్యాక వెనక్కి" అనే మాట పొద్దున పూటకు సరిపోదు. మూడోవంతు అయిపోగానే తిరగాలి. అలాగే గడియారం: ఆరున్నరకు మొదలుపెడితే ఏడూ నలభైకి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి. పైన బురుజు పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే. ఈ మాట కింద కారు దగ్గరే నలుగురూ అనుకోవాలి, పైకి పోయాక ఎవరూ ఒప్పుకోరు. ఫోన్‌లో అలారం పెట్టి పాప చేతికి ఇవ్వండి. పిల్లల చేతిలో ఉన్న అలారం మాట పెద్దవాళ్లు వింటారు.

నడిచే వేగం మామయ్యగారిది. ఆయనే ముందు. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారంటే తగ్గించాలి.

ఇంకో చిన్న సంగతి, పొద్దున తొమ్మిదింటి దాకా పడమటి వైపు బండకు గుట్ట నీడే ఉంటుంది. రెండు దారులుంటే అటువైపుది ఎంచుకోండి.

నీలగిరి_65
ఫోన్: ముందురోజే ఆ ప్రాంతం మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. కారు ఆపిన చోట గుర్తు పెట్టుకుని ఎక్కండి. సిగ్నల్ లేకపోయినా చుక్క కదులుతూనే ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకోకండి, కోతులకు కవరంటే తిండే. అన్నీ భుజాన సంచిలో, రెండు చేతులూ ఖాళీగా.

స్టీరింగ్_శీను
దిగాక వెంటనే స్టీరింగు పట్టొద్దు. చెమట ఆరి, కడుపులో టిఫిన్ పడి, ఏసీ చల్లగాలి తగిలేసరికి ఎర్రవల్లి రాకముందే కళ్లు మూతపడతాయి. కొత్తకోటలో ఆగి తిని, సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు కునుకు తీయాలి. పిక్కలు పట్టిన కాలితో బ్రేకు కూడా సరిగా పడదు, గోడకు చేతులు ఆనించి మడమ నేలకు నొక్కి ఒక్కో కాలు అర నిమిషం సాగదీయండి. గుట్ట ఎక్కనివాళ్లు ఎవరైనా ఉంటే డ్రైవింగ్ వాళ్లకే ఇచ్చేయండి.

బుట్ట_సీతాఫలం
తిరుగు ప్రయాణంలో బాలానగర్ దగ్గర సీతాఫలాలు తెచ్చుకోమని చెప్దామంటే మార్చి అయిపాయె. దసరాకు పోతే తప్పక ఆగండి, గంపలు రోడ్డు మీదే ఉంటాయి. కళ్లు విచ్చుకుని గీతల మధ్య తెల్లబడ్డ కాయ తీసుకుంటే రెండు రోజుల్లో పండుతుంది.

గద్వాల_గాలి
ఇప్పటికి ఇలా అనుకున్నాం: ముందురోజు సాయంత్రం మహబూబ్‌నగర్‌లో బస, పొద్దున ఖిల్లా ఘనపురం, ఏడూ నలభైకి వెనక్కి. మామయ్య రేపు డాక్టరుకు ఫోన్ చేస్తారు. ఇంకో ప్రశ్న, మా అన్నయ్యవాళ్లు అదే రోజు విజయవాడ హైవే మీద సూర్యాపేట పోతున్నారు. వాళ్ల దారిలో ఇలాంటిది ఏముంది? వాళ్లకు గంటే ఉంది.

నీలగిరి_65
గంటే అయితే నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు. హైవే నుంచి కొద్ది దూరమే. మెట్లూ ఉన్నాయి, కారు పోయే రోడ్డూ ఉంది. పైన జడల రామలింగేశ్వరుడి గుడి. మూడు గుండ్ల మధ్య సందులోంచి ఎక్కే దారి పిల్లలకు బాగా నచ్చుతుంది. లావుగా ఉన్నవాళ్లు, సంచి భుజాన ఉన్నవాళ్లు ఆ సందులో దూరకుండా బయటే ఆగాలి. రెండు గంటలు ఉంటే నల్లగొండ దాకా లోపలికి పోయి లతీఫ్‌సాహెబ్ గుట్ట, అక్కడా మెట్లే. రాచకొండ, దేవరకొండ కోటలు ఒక పూట పనులు, పండగ ప్రయాణంలో పెట్టుకోవద్దు.

కోట_గోడ
@నీలగిరి_65 చెరువుగట్టుకు అమావాస్య నాడే జనం ఎక్కువ. రాత్రి గుట్ట మీద నిద్ర చేయడానికి వస్తారు. వాళ్ల అన్నయ్య పోయేది ఉగాది ముందురోజైతే సరిగ్గా అదే రోజు.

నీలగిరి_65
నిజమే. ఆ రోజైతే కారు కిందే ఆపి మెట్ల మీద పోవాలి, పై రోడ్డు నిండిపోతుంది. మధ్యాహ్నం లోపు దిగేస్తే సాయంత్రం వచ్చే గుంపుకు ఎదురుపడరు. పండగ తెల్లారి తిరుగు ప్రయాణంలో ఆగితే ఇంకా తేలిక.